పరాయి తొక్కలు

మా ఆయన లంచ్ డబ్బా మూత తీయగానే అందులో నారింజ తొక్క కనబడింది. ఆ రోజు నేను నారింజ పెట్టలేదు. అసలు ఆ వారమంతా మా ఇంట్లో నారింజ పండే లేదు.

పరాయి తొక్క మా ఇంటిదాకా రావడానికి కారణం కొత్త రూలు. తిండి చెత్తని వేరుగా పెట్టాలని మా ఊళ్ళో ఈ మధ్యే రూలు వచ్చింది. ఇంట్లో అయినా, పనిచేసే చోట అయినా, తినగా మిగిలింది ఏదైనా సరే మూత ఉన్న ఆకుపచ్చ బకెట్టులోనే వేయాలి. అందులో కాగితం పడకూడదు, ప్లాస్టిక్ పడకూడదు, ఆఖరికి పండు మీద అంటించే గోరంత స్టిక్కర్ కూడా పడకూడదు. పొద్దున్నే బండి వేసుకుని వచ్చే ఆవిడ ప్రతి బకెట్టూ మూత తీసి చూస్తుంది. తప్పు కనబడితే పిడికి ఎర్ర చీటీ కట్టి, బకెట్టుని ఎక్కడిదక్కడే వదిలేసి పోతుంది. ఇక వీధిలో వాళ్ళందరూ ముందు బకెట్టుని చూస్తారు, తర్వాత మనల్ని చూస్తారు. మళ్ళీ తప్పు చేస్తే జరిమానా అంటారు గానీ, నాకు జరిమానా కంటే ఆ చూపులే బాధ.

మా ఆయన పార్సిల్ ఆఫీసులో రసీదులు రాస్తారు. రూలు రాగానే ఆ భవనం యజమాని బాగా ఆలోచించి, ఆఫీసులో తిండి బకెట్టే లేకుండా చేసేశాడు. ఎవరు తెచ్చుకున్న తిండి తాలూకు మిగులు వాళ్ళే ఇంటికి పట్టుకుపోవాలని గోడకి కాగితం అంటించాడట. బకెట్టే లేకపోతే దానికి తప్పు పట్టేవాళ్ళూ ఉండరు కదా. అంతకుముందు మా ఆయన డబ్బాని ఆఫీసులోనే కడిగి తెచ్చేవారు. ఖాళీగా వచ్చింది కాబట్టి ఆయనే తిన్నారని నేను నిశ్చింతగా ఉండేదాన్ని. రూలు పుణ్యమా అని డబ్బా లోపలి సంగతులు ఇంటికి రావడం మొదలైంది.

ఇక నా సంగతి. నేను ఒక బట్టల కొట్టు వెనక గదిలో కుట్టుపని చేస్తాను. పొడుగైన ప్యాంట్లు కురచ చేయడం, బిగుతైనవి వదులు చేయడం, జిప్పులు మార్చడం. నాతోపాటు కటింగ్ అక్క ఉంటుంది. నాకంటే పెద్దది, నోరు ఇంకా పెద్దది. మా గదిలోనూ ఒక ఆకుపచ్చ బకెట్టు పెట్టారు. దాన్ని చూసుకునే పని నా నెత్తిన పడింది. దారప్పోగు గానీ గుండీ గానీ అందులో పడిందేమో అని రోజూ కెలికి చూడాలి. అలా చూడగా చూడగా నాకో పాడు విద్య అబ్బింది. మిగిలినదాన్ని చూసి తిన్నది ఎవరో చెప్పేస్తాను. అక్క యాపిల్ కొరికితే గింజలదాకా వెళుతుంది. కొట్టు యజమాని బ్రెడ్డు అంచులన్నీ వదిలేసి, ఎవరూ చూడకుండా అడుక్కి తోస్తాడు.

అలాంటిది కట్టుకున్నవాడి ఎంగిలి నాకు తెలియకుండా ఉంటుందా. మా ఆయన నారింజకి ఒకచోట గోరు గుచ్చి, చుట్టూ తిప్పుతూ ఒకే తొక్కగా వలుస్తారు. ఎముక దొరికిందంటే పిప్పి చేసి గాని వదలరు. పెళ్ళైన కొత్తలో ఆ చప్పుడుకి మా అమ్మ పక్క గదిలోంచి వచ్చి తొంగి చూసింది.

డబ్బాలోని తొక్క ఆయన వలిచింది కాదు. చిన్న చిన్న ముక్కలుగా తీసి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉంది. దాని స్టిక్కర్ కూడా ముందే ఊడదీసి ఉంది. మా ఆయన జన్మలో స్టిక్కర్ తీసిన పాపాన పోలేదు. మా బకెట్టుకి ఎర్ర చీటీ పడిందే ఆయన వల్ల. అడిగితే, ఆఫీసులో ఎవరో పండ్లు పంచారని చెప్పి వంగి చెప్పులు విడిచే పనిలో పడ్డారు. చెప్పులు విడవడానికి అంతసేపు పట్టదు. సరేనని ఊరుకున్నాను. ఊరుకోవడం అంటే పైకి మాత్రమే.

తర్వాత కోడికూర పెట్టిన రోజు డబ్బాలో ఎముకలు వచ్చాయి. పిప్పి కాలేదు. చెంచాతో గీరి మాంసమంతా తీసేసినట్టు, కడిగి ఆరబెట్టినట్టు, తెల్లగా నిండుగా ఉన్నాయి. వాటి పక్కన వేడినీళ్ళలో ముంచి వాడేసిన టీ పొట్లం ఒకటి. దాని పిన్ను తీసేసి, దారం తీసేసి, రూలులో ఎలా చెప్పారో అచ్చం అలాగే ఉంది. మా ఆయన టీ తాగరు. అంటే నేను పొద్దున్నే లేచి వండినదాన్ని ఎవరో తీరిగ్గా కూర్చుని తిని, పైన టీ తాగి, ఆ ఎంగిలిని నాకు పంపిస్తున్నారు. నేను దాన్ని తీసి బకెట్టులో వేసి, డబ్బా తోముతున్నాను. సింకు ముందు నిలబడి అదంతా ఆలోచిస్తుంటే కడుపు మండిపోయింది. తోమిన డబ్బానే మళ్ళీ తోమాను.

మర్నాడు ఆ సంగతి అక్కకి చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది. అక్క కత్తెర పక్కన పెట్టి, అది కచ్చితంగా ఆడమనిషి పనేనని తేల్చేసింది. మగవాడు తొక్కలు పేర్చడట, టీ పొట్లానికి పిన్ను ఉంటుందని కూడా మగవాడికి తెలియదట. ఇంకా ఆవిడ వయసెంతో, మొగుడు ఉన్నాడో లేడో, జుట్టు ఎంత పొడుగో కూడా చెప్పుకుంటూ పోయింది. నేను వద్దంటూనే ఉన్నాను. గట్టిగా మాత్రం అనలేదు.

ఆ సాయంత్రం మా ఆయన యాపిల్ ఒకటి చేతిలోకి తీసుకుని, ముందు దాని స్టిక్కర్ గోటితో లేపి పొడి చెత్తలో వేశారు. నేను చేస్తున్న పని ఆపేశాను. ఇన్నాళ్ళూ ఆ ఒక్క స్టిక్కర్ గురించి గొంతు పోయేలా మొత్తుకున్నాను. ఈ బుద్ధి ఎప్పుడు పుట్టిందని అడిగాను.

"మా తూకం ఆవిడ చెప్పిందిలే. తినేముందే తీసేస్తే ఇక మరిచిపోవడం ఉండదట," అన్నారు.

తూకం ఆవిడ అంటే పార్సిళ్ళు తూచే యంత్రం దగ్గర కూర్చునే ఆవిడ. నేను చెబితే చెవికి కూడా ఎక్కని మాట, ఆవిడ చెబితే వేలి గోటిదాకా వెళ్ళింది. పైగా 'మా' అట. ఆ యాపిల్‌ని కూడా ఎప్పటిలా కొరకలేదు. కత్తి తీసుకుని కాగితం అంత పల్చగా కోసి, ఒక్కో ముక్కే నోట్లో వేసుకున్నారు. ఆ నాజూకుతనం కూడా అక్కడ నేర్చుకున్నదే అనుకున్నాను. అనుకుని, ఆ రాత్రి నా యాపిల్ మాత్రం ఆయనకి వినబడేలా కొరుక్కుని తిన్నాను.

ఇక ఇంట్లో ఆయన ప్రతి పనీ నాకు తప్పుగానే కనబడడం మొదలైంది. భోజనాల దగ్గర ఎముక ఉన్న ముక్కలన్నీ ఏరి నా పళ్ళెంలో వేసి, నీకిష్టం కదా, నువ్వు తిను అనేవారు. తప్పు చేసిన మగవాడు ముందుగా పెళ్ళాం పళ్ళెం నింపుతాడని అక్క చెప్పి ఉంది. నేను ఆ ముక్కల్ని ఆయన కళ్ళల్లోకి చూస్తూ నమిలేదాన్ని. ఆయన తల వంచుకుని గ్రేవీలో అన్నం కలుపుకునేవారు.

నాకు వంట వచ్చు. అది నేను చెప్పుకోవడం కాదు, ఊళ్ళో ఎవరినైనా అడగండి. కాబట్టి నా దగ్గరున్న ఆయుధంతోనే యుద్ధం మొదలుపెట్టాను. ఎవరి తిండి ఎవరికి గుర్తుండిపోతుందో చూద్దాం అనుకుని, కరకరలాడేలా వేయించిన చేపలు పెట్టాను. అంచులు ఎర్రగా మాడేదాకా కాల్చిన రొట్టెలు పెట్టాను. పంటి కింద పటపటమనేలా వేరుశెనగలు వేసి కూర చేశాను. రోజూ డబ్బా వేలితో తుడిచినట్టు వచ్చేది. చేప ముల్లు తల నుంచి తోకదాకా విరక్కుండా వచ్చేది. రోజూ సాయంత్రం మా ఆయన, ఇవాళ చాలా బాగుంది అనేవారు. ఆ ముల్లు చూస్తే నాకు తెలిసిపోయేది, అది ఆయన తిన్న చేప కాదని. అయినా మనసు ఎక్కడో ఒక మూల ఒప్పుకోలేదు. మాట చెప్పిన మనిషిని నమ్మాలా, ముల్లునా.

తేల్చుకోవాలనిపించింది. ఒకరోజు కూరలో కారం గుప్పెడు దిమ్మరించాను. రుచి చూద్దామని నాలుక కొసన పెట్టుకుంటే నాకే చెవుల్లోంచి పొగలొచ్చాయి. మూత బిగించి ఆయన చేతిలో పెట్టాను. మా ఆయనకి కారం గిట్టదు. కొంచెం ఎక్కువైతే చాలు, ఎక్కిళ్ళు పట్టుకుని రోజంతా వదలవు.

సాయంత్రం ఎదురుచూస్తూ కూర్చున్నాను. ఆయన వచ్చారు. ఎక్కిళ్ళు లేవు, కళ్ళు ఎర్రబడలేదు. డబ్బా గట్టు మీద పెట్టి, "ఇవాళ కూర బాగుంది," అన్నారు.

మూత తీసి చూశాను. ఊడ్చినట్టుంది. ఒక మూల నిమ్మకాయ చెక్కలు, పిండీ పిండీ పీల్చేసినవి, ఎప్పటిలాగే ఒకదాంట్లో ఒకటి పెట్టి ఉన్నాయి. ఆవిడెవరో కానీ నా కారాన్ని నిమ్మరసంతో ఎదుర్కొని మరీ తినేసింది. నాకు ఏడుపొచ్చింది. ఆయన అబద్ధం ఆడినందుకు కాదు, అంత సులువుగా ఆడినందుకు. ఎన్ని రోజులుగా ఈ బాగుందిని నేను నిజం అనుకుని మురిసిపోయానో తలుచుకుంటే సిగ్గేసింది.

మర్నాడు పొద్దున డబ్బా ఆయన సంచిలో పెట్టకుండా తలుపు వెనక దాచాను. ఆయన చూసుకోకుండా వెళ్ళిపోయారు. భోజనాల వేళకి అక్కకి తలనొప్పని చెప్పి, డబ్బా తీసుకుని పార్సిల్ ఆఫీసుకి బయల్దేరాను. దారంతా ఏమనాలో కూర్చుకుంటూ నడిచాను. నా దగ్గర చాలా మంచి మాటలు తయారయ్యాయి.

ఆఫీసు ముందు లారీ ఆగి ఉంది. మా ఆయన నాకు వీపు పెట్టి, దింపుతున్న పెట్టెల్ని లెక్క చూసుకుంటున్నారు. నేను పక్క నుంచి లోపలికి వెళ్ళిపోయాను. వరసగా అట్టపెట్టెలు, టేపు వాసన, నేలంతా తాడు ముక్కలు. వాటి వెనకాల చిన్న గదిలో బల్ల, రెండు బెంచీలు, గోడకి ఆ యజమాని అంటించిన కాగితం. బల్ల దగ్గర ఒకావిడ కూర్చుని తన డబ్బా మూత తీస్తోంది. కణతల దగ్గర జుట్టు నెరిసింది. కళ్ళజోడుకి తాడు కట్టి మెళ్ళో వేసుకుంది. నేనేమీ అనకముందే ఆవిడ చూపు నా చేతిలోని డబ్బా మీద పడింది, ముఖం విచ్చుకుంది.

"ఆయన భార్యవి కదూ అమ్మా. డబ్బా చూసి గుర్తుపట్టాను," అంది.

తూకం ఆవిడే. నా డబ్బాని గుర్తుపట్టేంత చనువు. దారిలో కూర్చుకున్న మాటలు ఒక్కటీ నోటికి రాలేదు. ఆవిడ బెంచీ మీద జరిగి చోటిచ్చింది. కూర్చున్నాను. తన డబ్బా నా వైపు తిప్పి చూపించింది. జావలా ఉడికించిన అన్నం, గుజ్జుగా నలిపిన గుమ్మడికాయ. వాళ్ళ నాన్నకి పళ్ళు లేవట. ఇంట్లో వేరేగా వండే ఓపిక లేక తండ్రీకూతుళ్ళు ఇద్దరూ అదే తింటారట. తిని తిని నాలుక చచ్చిపోయిన సమయంలో మా ఆయన డబ్బాలు మార్చుకుందామా అని అడిగారట. అప్పటి నుంచీ ఆవిడ తినేది నా వంట, ఆయన తినేది ఆవిడ గుజ్జు. ఏ డబ్బాలో తింటే మిగులు ఆ డబ్బాలోనే పోవాలి కాబట్టి తన తొక్కలు కూడా అందులోనే పెడుతోందట, ఇబ్బందిగా ఉంటే చెప్పమంది. నిన్నటి కూరకి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయట, అయినా వదల్లేదట.

అంతా అంత మామూలుగా చెబుతుంటే నా కోపానికి ఎక్కడ నిలబడాలో తెలియలేదు. మా ఆయనకి నా వంట నచ్చకపోవడం ఎప్పటి నుంచని అడిగాను.

"అయ్యో, నచ్చక కాదమ్మా. ఆ పన్నుతో పాపం గట్టివి ఎలా నములుతారు."

"ఏ పన్ను?" అన్నాను.

ఆవిడ చెంచా బల్ల మీద పెట్టింది. మెళ్ళోని కళ్ళజోడు పెట్టుకుని నావైపు చూసింది.

"నీకు తెలియదా?" అంది.

ఆ మాటలో వెటకారం ఉండి ఉంటే నేను బతికిపోయేదాన్ని. లేదు. నిజంగా ఆశ్చర్యపోయి, వెంటనే నొచ్చుకుని అడిగింది. కుడివైపు వెనక పన్ను పుచ్చిందట. చలికాలం ముందు నుంచీ ఉందట. ఒక్కోరోజు దవడ పట్టుకుని కూర్చుంటారట, ఆవిడ గోరువెచ్చటి ఉప్పునీళ్ళు కలిపి ఇస్తుందట. ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది. నేను లేచి, తెచ్చిన డబ్బా ఆవిడ ముందు పెట్టాను. తినేది ఆవిడ కాబట్టి ఆవిడకే ఇవ్వడం న్యాయం అనిపించింది. లారీ అవతలి వైపు నుంచి బయటపడి వచ్చేశాను.

ఆవిడ అందగత్తె అయి ఉంటే బాగుండేది. నాలుగు తిట్లు తిట్టి, మగబుద్ధి ఇంతే అని ఏడ్చి ఊరుకునేదాన్ని, అక్క కూడా నాతో పాటు తిట్టేది. ఇప్పుడు ఎవరిని తిట్టను. నా పక్కలో పడుకునే మనిషికి పన్ను నొప్పి ఉందని ఊరిలో ఎవరో పరాయి ఆడమనిషి నాకు చెప్పాలా. ఆయన మూలిగిన మూలుగు ఆవిడ విన్నది. దవడ పట్టుకుంటే ఆవిడ చూసింది. నాకు మాత్రం బాగుంది అన్న మాట ఒక్కటే మిగిల్చారు. ఉప్పునీళ్ళు కలపడం నాకు రాదా. ఆ ఉప్పునీళ్ళ గ్లాసు మీద నాకు పుట్టినంత కుళ్ళు ఏ పట్టుచీర మీదా, ఏ నగ మీదా ఎప్పుడూ పుట్టలేదు.

కొట్టుకి తిరిగి వెళ్ళాక అక్కకి జరిగింది చెప్పాను. ఓస్, అంతేనా, అని నిరాశపడి ప్యాంటు కత్తిరించుకుంది. అంతేనా అట.

ఇంటికెళ్ళి వంట మొదలుపెట్టాను. అన్నం గరిటెతో మెదిపి, కూర గుజ్జు చేసి, మళ్ళీ మెదిపాను. ఆవిడ దానికంటే మెత్తగా ఉండాలి. ఆవిడ గుమ్మడికాయలో అక్కడక్కడా నార కనబడింది, నేను ఒక్క పోగు కూడా ఉండనివ్వలేదు. చెయ్యి నొప్పెట్టేదాకా జల్లెడలో రుద్దాను.

మా ఆయన వచ్చారు. నేను ఆఫీసుకి వెళ్ళినట్టు ఆవిడ చెప్పే ఉంటుంది, ముఖంలో తెలుస్తూనే ఉంది. కాళ్ళు కడుక్కుని వచ్చి కూర్చున్నారు. పళ్ళెం ముందు పెట్టాను. ఆయన దాని వంక చూశారు, నా వంక చూశారు. ఒక ముద్ద తిని, అలవాటు కొద్దీ, "బాగుంది," అన్నారు.

"బాగుందన్న మాట ఇక నుంచి ఆవిడకి చెప్పండి. నొప్పి మాత్రం ముందు నాకు చెప్పండి," అన్నాను.

ఆయన, ఎప్పుడో కూరలో ఉప్పెక్కువైందన్నందుకు నేను రోజుల తరబడి మాట్లాడకపోవడం గుర్తుచేశారు. పన్ను నొప్పని చెబితే నీ వంటకి వంక పెడుతున్నానని అనుకుంటావనుకున్నాను అన్నారు. పీకేస్తారేమోనన్న భయం కూడా ఉందని మెల్లిగా కలిపారు. నేను అలా అనుకునే మనిషిని కానని చెప్పబోయాను. చెప్పలేకపోయాను, ఎందుకంటే అనుకునేదాన్నే.

లేచి వెళ్ళి దీపం దగ్గరికి రమ్మన్నాను. వచ్చారు. నోరు తెరవమంటే చిన్నపిల్లాడిలా తెరిచారు. చూపుడువేలితో లోపలికి చూపించారు. పన్ను నల్లబడి, పక్కన చిగుళ్ళు వాచి ఎర్రగా ఉన్నాయి. ఇన్నాళ్ళూ దీంతో నా వేయించిన చేపల ఎదురుగా కూర్చున్నాడు ఈ మనిషి. నా కళ్ళు తడయ్యాయి. రేపు పనికి సెలవు పెట్టి డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళతానని చెప్పాను. నోరు తెరిచే తలూపారు.

"ఆవిడకి కూడా ఇలాగే తెరిచి చూపించారా?" అని అడిగాను.

లేదని అడ్డంగా తలూపారు. అప్పుడు గాని నా కడుపు చల్లబడలేదు. వెళ్ళి ఉప్పునీళ్ళు కలిపాను.